ఇంట్లో ఎలక్ట్రానిక్స్ – 4వ పాఠం: కాగాల్సింది లెడ్డు కాదు, కాలు

ఈసారి డిమ్మర్ చేద్దామన్నాను. అది వచ్చే పాఠానికి జరిపాను. పోయినసారి చేసిన ఎల్‌ఈడీ బెడ్‌లైట్ మీలో చాలామందికి వెలగలేదు. కొందరికి వెలిగి రెండో రోజుకి ఆరిపోయింది. దాన్ని అలా వదిలేసి ముందుకెళ్లడం నాకు ఇష్టం లేదు.

మీరు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. లెక్క తప్పింది ఒక్కరికే. 220 ఓమ్‌లకి బదులు 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారు. రెసిస్టర్ మీది రంగు గీతలు ఎరుపు, ఎరుపు, గోధుమ ఉండాల్సిన చోట ఎరుపు, ఎరుపు, నారింజ ఉంది. అందుకే లైటు అంత మసగ్గా వెలుగుతోంది. మిగతా అందరికీ వైరింగ్ సరిగ్గానే ఉంది, అతుకులే సరిగ్గా లేవు.

పెరంబూరు నుంచి ఒకమ్మాయి రాసింది: “ఎల్‌ఈడీని వేలితో నొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది.” ఆమె పంపిన ఫొటోలో లెడ్డు, అంటే అతుకు వేసే సోల్డర్, ఉడికిన సగ్గుబియ్యపు గింజలా గుండ్రంగా కూర్చుని ఉంది. ఎల్‌ఈడీ కాలు, అంటే దాని తీగ, చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత కనిపిస్తోంది. లెడ్డు కాలిని పట్టుకోలేదనడానికి ఆ గీతే గుర్తు. తామరాకు మీద నీటిబొట్టులా ఊరికే ఆనుకుని ఉంది, అంతే. మంచి అతుకు బొట్టులా ఉబ్బి ఉండదు. అంచు పల్చగా బోర్డు మీది రాగి ఉంగరం మీదకి పాకి, మధ్యలో కాలి వెంట పైకి ఎక్కి ఉంటుంది. వాలు లోపలికి ఒంగి ఉంటుంది. కాలి కొస బయటికి కనబడాలి.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తాను. దీని గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు. మీలో చాలామంది బిట్ (సోల్డరింగ్ ఐరన్ వేడి మొన) కొసకి లెడ్డు ముట్టించి, కరిగిన ఆ బొట్టుని మోసుకెళ్లి, గరిటెతో పప్పు వడ్డించినట్టు కాలి మీద వేస్తున్నారు. దయచేసి ఇది మానేయండి. లెడ్డు తీగ బోలుగా ఉంటుంది, లోపల ఫ్లక్స్ ఉంటుంది. కాలి మీదా రాగి మీదా ఉన్న తుప్పు పొరని కడిగేది అదే. బిట్ మీద వేసిన ఫ్లక్స్ ఒకటి రెండు సెకన్లలో పొగైపోతుంది. మీరు అక్కడికి చేరేసరికి మిగిలేది ఉత్త లోహం. అది చల్లగా, మురికిగా ఉన్న కాలిని ఎలా అంటుకుంటుంది?

ఇత్తడి గిన్నెలకి కళాయి వేయడం చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మా చిన్నప్పుడు మద్రాసులో మా వీధికి కొలిమితో ఒకాయన వచ్చేవాడు. తమిళవాళ్లు ‘ఈయం పూయడం’ అంటారు. ఆయన తగరాన్ని విడిగా కరిగించి గిన్నెలో పోసేవాడు కాదు. ముందు గిన్నెని కాచేవాడు. నవసాగరం చల్లితే తెల్లటి పొగ గుప్పుమనేది. అప్పుడు తగరం కడ్డీని కాలిన గిన్నెకి ఇలా తాకించేవాడు. గిన్నె వేడికే అది కరిగి పరుచుకునేది. గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. మనం చేసేది కూడా అదే పని. నవసాగరం బదులు ఫ్లక్స్, గిన్నె బదులు కాలూ, రాగి ఉంగరమూ.

చేసే పద్ధతి: బిట్‌ని పక్కవాటంగా పెట్టి కాలినీ ఉంగరాన్నీ రెంటినీ ఒకేసారి తాకించండి. ఒక సెకను ఆగండి. లెడ్డు తీగని బిట్‌కి ఎదురు వైపు నుంచి కాలికి తాకించండి. అది చటుక్కున కరిగి చుట్టూ పాకుతుంది. ముందు తీగ తియ్యండి, తర్వాత ఐరన్ తియ్యండి. మొత్తం మూడు సెకన్లు దాటకూడదు, ఎల్‌ఈడీ పాడవుతుంది. గట్టిపడేదాకా కదిలించకండి, నోటితో ఊదకండి.

నేను మొదట బిట్ కొసకి ఆవగింజంత లెడ్డు రాసుకుంటాను. అది అతుకు కోసం కాదు. బిట్‌కీ కాలికీ మధ్య వేడి త్వరగా దిగడానికి. అతుకుకి కావాల్సిన లెడ్డు ఎప్పుడూ ఎదురు వైపు నుంచే రావాలి. ఈ రెంటినీ కలిపేసుకోకండి.

తీగ కొనేటప్పుడు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచ్చీ స్ట్రీట్‌లో “63/37, 0.8 ఎంఎం” అని అడగండి. అంటే 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం. ఇది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 అయితే కాసేపు ముద్దగా ఉండి తర్వాత గట్టిపడుతుంది, ఆలోపు చెయ్యి వణికితే అతుకు పగులుతుంది. నీళ్ల పైపుల అతుకులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం బోర్డు దగ్గరికి రానివ్వకండి, రాగిని తినేస్తుంది.

మన ఊరి ఉప్పుగాలికి పాత రెసిస్టర్ల కాళ్లు నల్లబడతాయి. నాలుగేళ్లుగా డబ్బాలో ఉన్నవి వాడారని ఇద్దరు రాశారు. బ్లేడుతో రెండు గీతలు గీకి, మెరుపు కనబడ్డాకే పెట్టండి. కిటికీ తెరిచి ఉంచండి, పొగ పీల్చకండి. బెడ్‌లైట్ చార్జర్ పీకేసి పని చేయండి. లెడ్డు అంటే సీసం ఉన్నదే కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

అభ్యాసం: డాట్ బోర్డు మీద వంద అతుకులు. అవును, వందే. రెసిస్టర్ల నుంచి కత్తిరించిన కాళ్ల ముక్కలు చాలు, చాలకపోతే సన్నటి రాగి తీగ. పది అయ్యాక ఒక్కొక్కదాన్నీ కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగండి. ఒక్కటి ఊడినా ఆ పదీ మళ్లీ వేయండి. డెబ్బై దాటాక చెయ్యి దానంతటదే సెకన్లు లెక్క పెట్టడం మొదలుపెడుతుంది.

పెరంబూరు అమ్మాయీ, నీ బెడ్‌లైట్ విప్పక్కర్లేదు. ప్రతి అతుకునీ బిట్‌తో కాచి, ఎదురు వైపు నుంచి కొంచెం కొత్త లెడ్డు తాకించు, అందులోని ఫ్లక్స్ పాతదాన్ని కూడా కలుపుకుంటుంది. ఆ నల్ల గీత పోగానే వేలు తీసి చూడు.