టైమింగ్ చైన్ ఎక్కించేటప్పుడు తొందరొద్దు
పర్లాకిమిడిలో మా షెడ్డుకి రాయగడ వైపు ఘాట్లెక్కి దిగిన బళ్ళే ఎక్కువొస్తాయి. పిస్టన్లతో తిరిగే క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌నీ కలిపే గొలుసే టైమింగ్ చైన్. అది మార్చడానికి ఇంజన్ ఎలాగూ విప్పాం కదా, చైన్‌తో పాటు దాన్ని దారిలో ఉంచే గైడ్లు, బిగువుగా పట్టే టెన్షనర్ కూడా కొత్తవే వేసేయండి. చాలా ఇంజన్లకి ఒకటో పిస్టన్‌ని టాప్‌కి తెచ్చి, క్రాంక్, క్యామ్ స్ప్రాకెట్ల (పళ్ళ చక్రాల) మార్కుల మీద చైన్ రంగు లింకులు కూర్చోబెట్టాలి, లూజంతా టెన్షనర్ వైపే ఉండాలి. టెన్షనర్‌ని నొక్కిపట్టి ఉంచే పిన్ను లాగేశాక వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు బాబూ! స్పానర్‌తో క్రాంక్‌ని ఇంజన్ తిరిగే వైపే రెండు ఫుల్ రౌండ్లు మెల్లగా తిప్పండి, మధ్యలో టక్కున ఆగిపోతే తిప్పడం ఆపేయండి, వాల్వు పిస్టన్‌కి తగుల్తుండొచ్చు. నేనోసారి బలవంతం చేసి రెండు వాల్వులు వంచేశాను. తిప్పాక రంగు లింకులు పక్కకెళ్ళిపోతాయి, కంగారొద్దు, స్ప్రాకెట్ మార్కులు కలిశాయా లేదా అదే చూడండి.