దారి లెక్కలు – 4వ పాఠం: సగం ఎక్కింది, మూడో వంతు దిగింది

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. బెంగళూరు ఆటోలో 13 కిలోమీటర్లకు మీటరు ఎంత చూపిస్తుందో కాగితం లేకుండా చెప్పమన్నాను. 2025 ఆగస్టు 1 నుంచి ఇక్కడ మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 18. 36 అంటే రెండు పద్దెనిమిదులే కదా, అందుకే ఆ మొదటి రెండింటినీ విడిగా చూడక్కర్లేదు. మొత్తం దూరాన్ని 18తో గుణిస్తే సరి. పద్దెనిమిదో ఎక్కం రానివాళ్లు (నాకూ సగమే వచ్చు) ఇరవైతో గుణించి పదో వంతు తీసేయండి. 13 ఇరవైలు 260, అందులో 26 పోతే 234. వెయిటింగ్ ఛార్జీ వేరే.

ఇక ఈ వారం సంగతి. రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా ఇదే మీటరుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఊరి నుంచి వచ్చే బస్సు మనల్ని బెంగళూరు పెద్ద బస్టాండు మెజెస్టిక్‌లో దింపేది సరిగ్గా ఆ వేళకే కాబట్టి ఈ లెక్క మనవాళ్లకు బాగా అవసరం. 8 కిలోమీటర్లు వెళ్లాలనుకోండి. 144 లెక్కకట్టి, అందులో సగం 72 కలపడం ఒక పద్ధతి. నాకు నచ్చింది ఇంకోటి: ముందే దూరానికి ఒకటిన్నర వేసేయడం. రాత్రి 8 కిలోమీటర్లంటే పగటి 12. 12 ఇరవైలు 240, పదో వంతు పోతే 216. నిద్రమత్తులో కూడా తప్పు పోదు.

నిద్రమత్తులో నేను తప్పు పోయింది దీని తిరుగు లెక్కలో. ఒకసారి బస్సు దిగి జయనగర్‌కు ఆటో ఎక్కాను. దిగేటప్పుడు డ్రైవరు 216 అడిగాడు. గడియారం చూస్తే 5 దాటింది. "రాత్రి ఛార్జీలో సగం ఎక్స్‌ట్రా కదన్నా, అది తీసెయ్, 108 ఇస్తా" అన్నాను, పెద్ద తెలివైనవాడిలా. ఆయన నవ్వి, "ఎక్కింది ఐదింటికి ముందే గదా సార్, ఒందూవరె (కన్నడంలో ఒకటిన్నర). అది వదిలేసినా 108 ఎట్లవుద్ది? పగటిది రెండు పాళ్లు, రాత్రికి ఇంకో పాలు. మూడు పాళ్లు 216. ఒక పాలు తీస్తే ఎంత?" అన్నాడు. 144. తల వంచుకుని 216 ఇచ్చి వచ్చాను.

ఆయన చెప్పినదే ఈ పాఠమంతా. రెండు పాళ్ల మీద ఒక పాలు ఎక్కితే మూడు పాళ్లయ్యాయి. తిరిగి దిగాల్సింది ఆ ఒక్క పాలే, కానీ ఇప్పుడది మూడింటిలో ఒకటి. అందుకే సగం ఎక్కిన చోట మూడో వంతే దిగుతుంది. పాలు మారలేదు, దాన్ని దేనితో పోలుస్తున్నామో అది మారింది. 2025లో నమ్మ మెట్రో (బెంగళూరు మెట్రో రైలు) గరిష్ఠ టికెట్ 60 నుంచి 90 అయింది. సగం పెరిగింది. 90ని మళ్లీ 60 చేయాలంటే సగం కాదు, మూడో వంతు తగ్గాలి. ఆటో కనీస ఛార్జీ 30 నుంచి 36 అయినప్పుడు ఎక్కింది ఐదో వంతు. ఐదు పాళ్లు ఆరయ్యాయి, కాబట్టి దిగితే ఆరో వంతు. మూడో వంతు ఎక్కితే నాలుగో వంతు, నాలుగో వంతు ఎక్కితే ఐదో వంతు. ఎక్కేటప్పుడు ఉన్న అంకెకు ఒకటి కలిపితే దిగే అంకె వస్తుంది.

దీన్ని శాతాల్లో చెప్పబోతే 33.33 దగ్గరే తల తిరుగుతుంది. పావు, పాతిక, ముప్పాతిక అని కొలిచిన మన పెద్దవాళ్లకు ఆ బాధ లేదు.

ఇప్పుడు ఇదే కిటుకు రైలుకు తగిలిద్దాం. దూరం మారనప్పుడు వేగం ఎక్కితే సమయం దిగుతుంది, అదీ సరిగ్గా పై లెక్క ప్రకారమే. బెంగళూరు నుంచి చెన్నై రైలు దారి సుమారు 360 కిలోమీటర్లు. సగటున గంటకు 60 పోతే 6 గంటలు. ఇది గుర్తు పెట్టుకోండి, మిగతావన్నీ దీని మీదే కడదాం. సగటు 72 అయితే? 60 మీద ఐదో వంతు ఎక్కింది. 6 గంటల్లో ఆరో వంతు, అంటే ఒక గంట పోయి 5 గంటలు. 80 అయితే మూడో వంతు ఎక్కింది, సమయంలో నాలుగో వంతు, గంటన్నర పోతుంది. మిగిలింది నాలుగున్నర. వందే భారత్ తీసుకునే సమయం దీనికి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. 90 అయితే సగం ఎక్కింది, మూడో వంతు పోయి 4 గంటలు. ఎక్కడా భాగహారం చేయలేదు చూశారా?

రోడ్డు మీద మాత్రం వేగం ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ. అప్పుడు ఒకటి కలపకుండా ఒకటి తీసేయాలి. కోలారు, చిత్తూరు మీదుగా తిరుపతి సుమారు 250 కిలోమీటర్లు. సగటు 50 అనుకుని 5 గంటలని ఇంట్లో చెప్పి బయల్దేరాం. బెంగళూరు శివారు కేఆర్ పురం దాటేసరికే ఆశ సన్నగిల్లింది, మొత్తమ్మీద సగటు 40కి పడింది. ఐదో వంతు దిగింది. కాబట్టి సమయం ఎక్కేది నాలుగో వంతు: 5 గంటల్లో పావు, గంటా పావు. మొత్తం ఆరుంబావు గంటలు. దర్శనం టైమ్ స్లాట్ ఉంటే ఈ గంటా పావు దగ్గరే అసలు టెన్షన్. బండి మైలేజీ కూడా ఇంతే. లీటరుకు 50 ఇచ్చేది సిటీలో 40 ఇస్తే పెట్రోలు ఖర్చు పావు వంతు ఎక్కుతుంది.

ఒక జాగ్రత్త. ఇదంతా వేగం మొత్తం దారికీ సగటు అయినప్పుడే. దారిలో సగమే నెమ్మదించి, మిగతా సగం మామూలుగా పోతే, ఆ మొదటి సగం సమయానికే పై లెక్క వేయాలి. తిరుపతి దారిలో మొదటి 125 కిలోమీటర్లు 40తో పోయి, ఆ తర్వాత 50 అందుకున్నారనుకోండి. రెండున్నర గంటలకు పావు వంతు, అంటే 37 నిమిషాల పైచిలుకు ఎక్కుతుంది. మిగతా రెండున్నర గంటలు అలాగే ఉంటాయి.

వచ్చే పాఠం లోపు ఇవి నోటితోనే చేయండి. రాత్రి పదిన్నరకు ఆటో ఎక్కి మొత్తం 324 ఇచ్చారు. పగలైతే ఎంత, దూరమెంత? మీ బండి మైలేజీలో నాలుగో వంతు పడిపోయింది, ఇదివరకు నెలకు 1800 పెట్రోలుకు అయ్యేది, ఇప్పుడెంత? హైదరాబాదు బస్సుకు 10 గంటలు పడుతుంది, సగటు వేగం నాలుగో వంతు ఎక్కితే ఎన్ని గంటలు? మూడోది చేసేటప్పుడు రెండున్నర తగ్గించారంటే 216 నాటి నేనే మీరు. ఆగి, పాళ్లు మళ్లీ లెక్కపెట్టండి.