ప్రోగ్రామింగ్ రిఫరెన్స్‌లో కావలసింది వెతికి పట్టుకోవడం ఎలా?

ఫైల్ పేర్ల చివర ఉన్న '.టిఎక్స్‌టి' అనే తోకను తీసేయాలి. పైథాన్‌లో ఆర్‌స్ట్రిప్ అనే మెథడ్ ఉందని గుర్తుకొచ్చి, బ్రాకెట్లలో ఆ తోకను పెట్టి నడిపాను. మొదటి నాలుగైదు ఫైళ్లు బాగానే వచ్చాయి. ఆ తర్వాత 'రిపోర్ట్' కాస్తా 'రిపోర్' అయి కూర్చుంది. చివరి 'టి' ఎక్కడికి పోయిందో తెలియక సాయంత్రమంతా బుర్ర గోక్కున్నాను.

తీరా పైథాన్ రిఫరెన్స్, అంటే ఏది ఏం చేస్తుందో వివరించే పేజీలు తెరిస్తే, ఆ మెథడ్ కిందే సంగతి రాసి ఉంది. బ్రాకెట్లలో ఇచ్చేది తోక కాదు, అక్షరాల గుంపు. ఆ గుంపులోని అక్షరం చివర్లో కనిపించినంతసేపూ కోసుకుంటూ పోతుంది. 'రిపోర్ట్'లోని 'టి' కూడా ఆ గుంపులోదే కదా, అదీ తెగిపోయింది. రెండు నిమిషాల్లో చదివే పేజీ. దాన్ని తెరవడానికే నాకు బద్ధకం. ఇప్పుడు నేను అనుసరించే పద్ధతి ఇది.

1. ఏ భాగం తెరవాలో ముందు తేల్చుకోండి

పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో ట్యుటోరియల్, లైబ్రరీ రిఫరెన్స్, లాంగ్వేజ్ రిఫరెన్స్ వేర్వేరుగా ఉంటాయి. లాంగ్వేజ్ రిఫరెన్స్ వ్యాకరణ గ్రంథం లాంటిది, లైబ్రరీ రిఫరెన్స్ నిఘంటువు లాంటిది. రోజువారీ పనికి కావలసింది నిఘంటువే. చాలామంది కొత్తవాళ్లు పొరపాటున వ్యాకరణం తెరిచి, బెదిరిపోయి మూసేస్తారు. నిఘంటువునైనా మొదటి పేజీ నుంచి చదవాల్సిన పని లేదు.

జావాస్క్రిప్ట్‌కైతే ఎండీఎన్, సీ ప్లస్ ప్లస్‌కైతే సీపీపీరిఫరెన్స్ సైట్లు చూడండి. పీహెచ్‌పీ వాళ్లకు ఇంకా సుఖం: అధికారిక సైట్ చిరునామా తర్వాత వాలుగీత (/) పెట్టి ఫంక్షన్ పేరు కొడితే నేరుగా దాని పేజీకే వెళ్తుంది.

2. వెర్షన్ సరిచూసుకోండి

టెర్మినల్‌లో మీ వెర్షన్ ఎంతో చూసి, పేజీ పైన అదే వెర్షన్ ఎంచుకోండి. పైథాన్ 2కు 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయినా దాని పేజీలు ఇంకా వెబ్‌లో ఉన్నాయి. సెర్చ్‌లో అవి తగిలితే, లేని తప్పు కోసం మీ కోడ్‌లో వెతుక్కుంటారు. తోక తీయడానికి నాకు నిజంగా కావలసిన మెథడ్ రిమూవ్‌సఫిక్స్. అది 3.9 వెర్షన్‌లో వచ్చిందని దాని కిందే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంతకన్నా పాతది వాడుతున్నవాళ్లకు అది పనిచేయదు.

3. రిఫరెన్స్ వాడే మాటతోనే వెతకండి

మన మనసులో 'తీసేయడం' అని ఉంటుంది. లిస్ట్ విషయంలో రిఫరెన్స్‌కు అది ఒక పని కాదు. విలువను బట్టి తీసేది రిమూవ్, స్థానాన్ని బట్టి తీసి చేతికిచ్చేది పాప్, అన్నీ ఖాళీ చేసేది క్లియర్. పేరు తెలియనప్పుడు పనిని వెతక్కండి, వస్తువును వెతకండి. చేతిలో ఉన్నది స్ట్రింగ్ (అక్షరాల వరుస) అయితే 'స్ట్రింగ్ మెథడ్స్' భాగం తెరిచి, కంట్రోల్ ఎఫ్ నొక్కి, అక్కడ వెతకండి. ఒకసారి ఆ జాబితా మొత్తం మీద కన్ను వేస్తే, ఇలాంటిది కూడా ఉందా అనిపించేవి నాలుగైనా దొరుకుతాయి.

గుర్తులను వెతకడం పెద్ద తలనొప్పి. సెర్చ్ ఇంజిన్లు వాటిని తరచూ వదిలేస్తాయి. := అని కొట్టే బదులు 'వాల్రస్ ఆపరేటర్' అని కొట్టండి. పేరు తెలియకపోతే, పైథాన్ ఇండెక్స్‌లో గుర్తులకు విడిగా ఒక పేజీ ఉంది.

4. మొదటి లైన్‌ను నిదానంగా చదవండి

ఎక్కువమంది దాటేసేది, అసలు సరుకు ఉండేది ఇక్కడే. విలువలను వరుసలో పేర్చే సార్టెడ్ ఫంక్షన్ వివరణలో మొదటి లైన్ ఇలా ఉంటుంది:

సార్టెడ్(ఇటరబుల్, /, *, కీ=నన్, రివర్స్=ఫాల్స్)

ఆ వాలుగీత, ఆ నక్షత్రం అలంకారం కోసం పెట్టినవి కావు. వాలుగీతకు ముందున్నదాన్ని పేరు పెట్టి ఇవ్వకూడదు, దాని చోట ఉంచాలంతే. నక్షత్రం తర్వాతవాటిని తప్పకుండా పేరు పెట్టే ఇవ్వాలి. సమానం గుర్తు ఉన్నవి ఇవ్వకపోయినా నడుస్తుంది. కాబట్టి సార్టెడ్(మార్కులు, ట్రూ) అంటే టైప్ ఎర్రర్ వస్తుంది. సార్టెడ్(మార్కులు, రివర్స్=ట్రూ) అంటే పెద్దది ముందు వచ్చేలా పేరుస్తుంది. కొన్ని పేజీల్లో చదరపు బ్రాకెట్లు కనిపిస్తాయి. లోపలున్నది మీ ఇష్టం అని వాటి అర్థం, వాటిని కోడ్‌లో టైప్ చేయకండి.

5. ఏం తిరిగి ఇస్తుంది, ఎప్పుడు మొరాయిస్తుంది?

సార్టెడ్ కొత్త లిస్ట్ ఇస్తుంది. లిస్ట్‌కున్న సార్ట్ మెథడ్ ఉన్నదాన్నే సర్ది, తిరిగి నన్ (అంటే 'ఏమీ లేదు') ఇస్తుంది. 'మార్కులు = మార్కులు.సార్ట్()' అని రాస్తే మార్కులన్నీ గల్లంతే. జావాస్క్రిప్ట్ సార్ట్‌కు ఏ సూచనా ఇవ్వకపోతే అంకెలను కూడా అక్షరాల్లా పోలుస్తుంది. 5, 10, 1 ఇస్తే 1, 10, 5 వస్తాయి. ఇది ఎండీఎన్ పేజీ మొదట్లోనే ఉంది, అయినా ఏటా కొత్తవాళ్లు ఇందులో పడుతూనే ఉంటారు.

వెతికినది దొరక్కపోతే ఏమవుతుందో కూడా చూడండి. స్ట్రింగ్‌లో ఫైండ్ మైనస్ 1 ఇస్తుంది, ఇండెక్స్ వాల్యూ ఎర్రర్ విసురుతుంది. పేజీలో రంగు పెట్టెలో హెచ్చరిక ఉంటే, మిగతాదంతా వదిలేసినా అది చదవండి.

ఏఐ చాట్‌ను అడిగి పేరు తెలుసుకోవడంలో తప్పేం లేదు, నేనూ అడుగుతాను. కానీ లేని పారామీటర్‌ను కూడా అది ధీమాగా చెప్పేస్తుంది కాబట్టి ఆ పేరుతో రిఫరెన్స్ పేజీ తెరిచాకే కోడ్‌లో పెట్టుకుంటాను.

6. పక్కనే నడిపి చూడండి

నెట్ లేకపోయినా ఫర్వాలేదు. పైథాన్ ప్రాంప్ట్‌లో హెల్ప్ అని రాసి బ్రాకెట్లలో పేరు ఇస్తే వివరణ అక్కడే వస్తుంది, క్యూ నొక్కితే బయటికి రావచ్చు. ఆ వస్తువుకున్న పేర్లన్నీ కావాలంటే డిర్. గో భాషలో 'గో డాక్', రస్ట్ భాషలో 'రస్టప్ డాక్' కూడా నెట్ లేకుండానే డాక్యుమెంటేషన్ చూపిస్తాయి.

పేజీలో ఇచ్చిన ఉదాహరణను కాపీ చేసి, ఒక్కో విలువ మార్చుతూ నడపండి. రిమూవ్‌సఫిక్స్‌తో నేను అలాగే చేశాను. 'రిపోర్ట్.టిఎక్స్‌టి' ఇస్తే 'రిపోర్ట్' పూర్తిగా వచ్చింది. తోక లేని పేరు ఇస్తే ఎర్రర్ రాలేదు, పేరు ఉన్నదున్నట్టే వచ్చింది. తోకను పెద్దబడి అక్షరాల్లో రాసిన పేరు ఇస్తే మాత్రం ముట్టుకోలేదు. మా ఫోల్డర్‌లో అలాంటి ఫైళ్లూ ఉన్నాయి, అందుకే ముందు అక్షరాలను చిన్నబడిలోకి మార్చే లోయర్ మెథడ్ పేజీ తెరవాల్సి వచ్చింది.