మడత కెమెరా పాఠాలు - 4: రెండు ఎర్ర కిటికీల లెక్క

ఈసారి షట్టర్ గురించి చెబుతానన్నాను. చెప్పను. పోయిన పాఠంలో ఫిల్ము ఎక్కించడం వివరించి, చివర్లో "ఇక అంకె చూసుకుంటూ తిప్పుకోవడమే" అని చేతులు దులుపుకున్నాను. ఆ ఒక్క మాట ఎన్ని రీళ్లను పొట్టన పెట్టుకుందో ఇప్పుడు తెలుస్తోంది. ఒకాయనకు పదహారు బొమ్మలు రావలసిన రీల్లో ఎనిమిదే వచ్చాయి, ప్రతి రెండింటి మధ్యా మరో బొమ్మ పట్టేంత ఖాళీ. ఇంకొకావిడ ఎనిమిది అయ్యాక తొమ్మిది కోసం తిప్పుతూనే ఉన్నారట. రీలంతా అవతలికి చేరింది గానీ తొమ్మిది రాలేదు. రాదు కూడా.

మీ చేతిలో ఉన్నది సెమీ కెమెరా. 1930లలో సెమీ మినోల్టా, సెమీ పెర్ల్ అంటూ జపాన్‌లో ఇవి వరసగా దిగాయి. సెమీ అంటే సగం. 120 ఫిల్ము (వెనక కాగితంతో చుట్టి వచ్చే వెడల్పు రీలు) మీద పడే 6×9 సెంటీమీటర్ల బొమ్మలో సగం, అంటే 4.5×6. ఇంకా చిన్నదైన 127 ఫిల్ము మీద సగం బొమ్మ తీసేవి బేబీలు. పేర్లు ముద్దుగానే ఉన్నాయి, చిక్కంతా అంకెలతోనే.

అప్పటి ఫిల్ము వెనక కాగితం మీద పదహారు బొమ్మలకు వేరే అంకెల వరస లేదు. 6×9 వాళ్ల కోసం వేసిన 1 నుంచి 8 వరకే ఉండేవి. అందుకని కెమెరా వెనక తలుపుకు ఆ అంకెలు కనిపించేలా రెండు ఎర్ర కిటికీలు పెట్టి, ఒక్కో అంకెను రెండుసార్లు వాడుకోమన్నారు. 1 మొదటి కిటికీలోకి రాగానే ఆపి ఒక బొమ్మ తీయాలి. అదే 1 రెండో కిటికీలోకి జరిగేదాకా తిప్పి ఇంకో బొమ్మ. తర్వాత 2 మొదటి కిటికీలో, మళ్లీ 2 రెండో కిటికీలో. ఇలా 8 రెండో కిటికీలోకి వచ్చేసరికి పదహారు.

ఏది మొదటిది అని అడక్కండి. అంకె ముందుగా ఏ కిటికీలో కనిపిస్తే అదే. ఎడమ, కుడి అని గుర్తుపెట్టుకున్నవాళ్లు కెమెరా తిరగేసి పట్టుకున్న రోజున మునుగుతారు. అంకె రాబోయే ముందు కనిపించే చుక్కల దగ్గర ఆగకూడదు. ఇప్పటి 120 ఫిల్ము మీద పదహారు వరకు అంకెలున్న వరస ఉంటుంది నిజమే, కానీ మీ కిటికీలు ఆ వరస మీద లేవు. 6×9 వరస మీద ఉన్నాయి. ఆవిడ తొమ్మిది అందుకే రాలేదు.

నేనైతే కెమెరా వెనక తెల్ల టేపు ముక్క అంటించి 1-1, 2-2 అని 8-8 దాకా పెన్సిల్‌తో రాసుకుంటాను. బొమ్మ తీయగానే ఒకటి కొట్టేస్తాను. చాదస్తమే, కానీ ఈ కెమెరాల్లో చాలావాటికి బొమ్మ మీద బొమ్మ పడకుండా ఆపే ఏర్పాటు లేదు. ఇంకొకటి, తిత్తి (లెన్సు వెనక మడతలుగా ముడుచుకునే సంచి) తెరిచాకే ఫిల్ము తిప్పండి. ముందే తిప్పి తర్వాత తెరిస్తే, తిత్తి గాలి పీల్చుకునే ఊపుకు ఫిల్ము ముందుకు ఉబ్బుతుంది.

కిటికీకి ఎర్ర అద్దం ఎందుకంటే, ఎరుపు పట్టని ఆర్థో ఫిల్ముకు దానివల్ల హాని లేదు. మీరు వాడే పాంక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపూ పడుతుంది. కిటికీల మీద నల్ల టేపు వేసి, నీడలో తిప్పేటప్పుడు మాత్రమే ఎత్తి చూడండి.

1940లో వచ్చిన మామియా సిక్స్ ఉన్నవాళ్లు ఈ గొడవంతా వదిలేయవచ్చు, అది సగం బొమ్మ కెమెరా కాదు, 6×6. ఫోకస్ గురించి అడిగినవాళ్లకు ప్రస్తుతానికి ఒక్కటే: 75 మి.మీ. లెన్సయితే లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 11 మీద పెట్టి దూరం 10 మీటర్ల మీద ఉంచండి. దాదాపు 5 మీటర్ల నుంచి దూరపు కొండల దాకా తేటగా వస్తుంది. నేను సగం రీళ్లు అలాగే లాగించేస్తాను.

అభ్యాసం: ఫిల్ము కడిగే ల్యాబులో వెనక కాగితాన్ని పారేస్తారు. ఒకటి అడిగి తెచ్చుకోండి. దాన్ని ఖాళీ రీలుకు బిగుతుగా చుట్టి కెమెరాలో ఎక్కించండి. పదహారు చోట్లా ఆగుతూ, ఆగిన ప్రతిసారీ షట్టర్ ఎక్కుపెట్టి నొక్కుతూ చివరిదాకా వెళ్లండి. ఒక్క కిటికీ దాటిపోయినా కాగితం విప్పి మళ్లీ మొదటినుంచే. తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వచ్చేదాకా కొత్త రీలు కొనకండి.