ఓక్ కట్టెలా, పైన్ కట్టెలా: చలికాలపు స్టవ్‌లో ఏది ఎప్పుడు వేయాలి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ మిషిగన్, మిన్నెసోటాల్లోనూ పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి, ఆ ఇంటితో పాటు హాల్లో ఒక ఇనుప కట్టెల స్టవ్, పెరట్లో పాత యజమాని వదిలి వెళ్లిన కట్టెల పేర్పు కూడా దక్కడం అరుదేమీ కాదు. మంచు తుపానుకు కరెంటు పోయి, ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ ఆగిపోయిన రాత్రి ఆ స్టవ్ విలువ తెలిసివస్తుంది గాని, అందులో ఏ కట్టె వేయాలన్నది మాత్రం అంతకు ఏడాది ముందే తేల్చుకోవలసిన విషయం. ఇరుగుపొరుగును అడిగితే, ఓక్, మేపుల్ వంటి గట్టి కట్టెనే కాల్చాలనీ, పైన్ జోలికి వెళితే పొగగొట్టం పాడవుతుందనీ చెబుతారు. ఆ మాటలో మొదటి సగానికి కారణముంది. రెండో సగానికి మాత్రం ఆధారం లేదు. పచ్చి ఓక్ కన్నా బాగా ఎండిన పైన్ అన్ని విధాలా మేలు.

సూదుల వంటి ఆకులతో శంకువులు కాసే పైన్, స్ప్రూస్, ఫర్, హెమ్లాక్ జాతులను సాఫ్ట్‌వుడ్ అనీ, వెడల్పాటి ఆకులుండే ఓక్, మేపుల్, యాష్, బర్చ్, హికరీలను హార్డ్‌వుడ్ అనీ వ్యవహరిస్తారు. ఇది చెట్టు జాతిని బట్టి చేసిన విభజనే తప్ప, కట్టె చేవను బట్టి చేసినది కాదు. ఆస్పెన్, కాటన్‌వుడ్ హార్డ్‌వుడ్ కిందికే వస్తాయి, కాని ఎండాక చాలా తేలిక. మన కోస్తా తోటల్లోని సరుగుడు చూడడానికి అచ్చం సూదుల చెట్టులాగే ఉంటుంది, అయినా అది హార్డ్‌వుడ్. దాని మంట తీవ్రత ఆ కట్టెలతో వంట చేసిన ఇళ్లవారికి వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల అమ్మేవాడు హార్డ్‌వుడ్ అన్నంత మాత్రాన సరిపెట్టుకోకుండా ఏ చెట్టో అడగాలి.

పూర్తిగా ఎండిన కట్టె ఏ జాతిదైనా, కిలోకు ఇచ్చే వేడి ఇంచుమించు ఒక్కటే. బంక ఎక్కువగా ఉండే పైన్ అయితే కిలోకు కాస్త ఎక్కువే ఇస్తుంది. తేడా అంతా సాంద్రతలో ఉంది, మనం కట్టెలు కొనేదేమో బరువు లెక్కన కాదు, కొలత లెక్కన. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు పేర్చిన కట్టెలను, అంటే 128 ఘనపుటడుగులను, ఒక కార్డ్ అంటారు. ఎండిన రెడ్ ఓక్ ఒక కార్డ్‌కు సుమారు 2.4 కోట్ల బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి వస్తుంది. హికరీ అయితే దాదాపు 2.7 కోట్లు, వైట్ పైన్ 1.4 నుంచి 1.5 కోట్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే పైన్ విలువ ఓక్‌లో అరవై శాతం. ఓక్ కార్డ్‌కు 300 డాలర్లు అడుగుతున్న చోట, పైన్‌కు 180 కన్నా ఎక్కువ పెడితే నష్టమే. ఎవరి పెరట్లోనో గాలికి కూలిన పైన్ ఊరికే తీసుకుపొమ్మంటే మాత్రం వద్దనవలసిన పని లేదు. కొనేటప్పుడు ‘ఫేస్ కార్డ్’ అన్న మాట వినిపిస్తే జాగ్రత్త పడాలి. ముందు నుంచి చూస్తే అదీ నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవే, కాని లోతు ఒక్క కట్టె నిడివి మాత్రమే. ఆ నిడివి సాధారణంగా 16 అంగుళాలు కాబట్టి చేతికి వచ్చేది కార్డ్‌లో మూడో వంతు.

ఇక అసలు విషయమైన తడి సంగతి. అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. ఆ కట్టెను స్టవ్‌లో వేస్తే, పుట్టిన వేడిలో కొంత భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, లోపలి వేడి పడిపోవడం వల్ల కట్టె నుంచి వెలువడే పొగ తాను మండకుండానే గొట్టంలోకి వెళ్లిపోతుంది. మండిన పొగ మనకు వేడినిస్తుంది; మండని పొగ పైన చల్లబడి, ఉడుకుతున్న గిన్నె మూతకు లోపలి వైపు ఆవిరి పట్టినట్లు, గొట్టం గోడలకు నల్లటి తారులా పేరుకుంటుంది. దీన్నే క్రియోసోట్ అంటారు, ఇది అంటుకుంటేనే పొగగొట్టంలో మంటలు లేస్తాయి. పైన్ బంక వల్ల ఇది పుడుతుందన్న నమ్మకం ఎంత బలంగా ఉన్నా, బాగా ఎండిన పైన్ వేడి మంటలో ఆ బంక కూడా కాలిపోతుంది. అలాస్కా లోతట్టు ప్రాంతంలో స్ప్రూస్, బర్చ్ తప్ప చెప్పుకోదగ్గ వంటచెరకు దొరకదు; రాకీ పర్వతాల పల్లెల్లో డగ్లస్ ఫర్, లాడ్జ్‌పోల్ పైన్‌లతోనే చలికాలమంతా గడుపుకుంటారు. గొట్టాన్ని పాడుచేసేవి రెండే: తడి కట్టె, రాత్రంతా నిలవాలని గాలి మూసి మంటను పొగలో మగ్గబెట్టడం.

తడిని కొలవడానికి హార్డ్‌వేర్ దుకాణాల్లో మాయిశ్చర్ మీటర్ దొరుకుతుంది. కట్టె చివర గుచ్చి చూస్తే అది తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే చివరలు ముందుగా ఎండుతాయి. ఒక కట్టెను ఇంట్లోకి తెచ్చి గది వేడికి రానిచ్చి, అప్పుడు గొడ్డలితో చీల్చి, కొత్తగా బయటపడిన లోపలి ముఖం మధ్యలో, పీచు పోయే దిశలోనే మీటర్‌కున్న రెండు ముళ్లూ దిగేటట్లు గుచ్చాలి. ఇరవై శాతం లోపు ఉంటేనే అది స్టవ్‌లోకి అర్హం. మీటర్ లేకపోతే రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టి చూడవచ్చు. ఎండినవి ఠంగుమంటాయి, పచ్చివి మొద్దుగా మోగుతాయి. చివర పగుళ్లను మాత్రమే నమ్ముకోవడం మంచిది కాదు, ఎందుకంటే లోపల తడి ఉన్న ఓక్‌కు కూడా పైన పగుళ్లు వస్తాయి.

ఎండబెట్టడానికి ముందు చీల్చడం తప్పనిసరి, దుంగగా ఉంచితే బెరడు నీటిని బయటికి పోనివ్వదు. మూడు నుంచి ఆరు అంగుళాల మందాన పేళ్లుగా చీల్చి, నేల తగలకుండా చెక్క ప్యాలెట్ల మీద, ఎండా గాలీ తగిలే చోట ఒకే వరుసగా పేర్చి, పైభాగాన్ని మాత్రమే కప్పాలి. టార్పాలిన్‌ను నాలుగు వైపులా కిందికి లాగి కట్టేస్తే లోపలి తేమ లోపలే ఉండి కట్టెకు బూజు పడుతుంది. ఇలా పేర్చిన పైన్ ఒక వేసవిలో, సుమారు ఆరు నెలల్లో సిద్ధమవుతుంది. మేపుల్‌కు ఏడాది కావాలి. ఓక్‌కు రెండు వేసవులు పట్టడం మామూలే. ‘సీజన్డ్’, అంటే బాగా ఎండబెట్టినది, అని చెప్పి అక్టోబరులో అమ్మే ఓక్ చాలాసార్లు ఆ వసంతంలోనే చీల్చినదై ఉంటుంది. కాబట్టి ఓక్ కొనేది వచ్చే ఏడాది కోసమని ముందే అనుకుని, మొదటి చలికాలానికి పైన్ గాని, పచ్చిగా ఉన్నప్పుడే తడి తక్కువగా ఉండే యాష్ గాని చూసుకోవడం తెలివైన పని. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు యాష్ చెట్లను కోట్లలో చంపింది, అందుకే ఆ కట్టె ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతోంది. ఆ పురుగు కట్టెలతో పాటే ప్రయాణిస్తుంది కనుక దూరం నుంచి కట్టెలు తేకూడదు. వేడితో శుద్ధి చేయని కట్టెలను మూల స్థానం నుంచి 50 మైళ్లు దాటించకూడదని న్యూయార్క్ రాష్ట్రంలో నిబంధనే ఉంది.

రెండు రకాలూ చేతిలో ఉన్నప్పుడు వాటిని కలిపి వాడుకోవడమే మేలైన పద్ధతి. అడుగున రెండు మూడు ఓక్ పేళ్లు, వాటి మీద సన్నటి పైన్ బద్దలు, అన్నిటికన్నా పైన చితుకులు పెట్టి, స్టవ్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే మీటను పూర్తిగా తెరిచి పై నుంచి అంటించాలి. మంట కిందికి దిగుతూ పోతుంది, గొట్టం త్వరగా వేడెక్కుతుంది, పొగ తక్కువగా వస్తుంది. గొట్టానికి అతికించే థర్మామీటర్ వేడి చాలినంత వచ్చిందని చూపాక గాలిని కొద్దికొద్దిగా తగ్గించాలి. పడుకునే ముందు వేయవలసింది ఓక్ లేదా హికరీ, అవి తెల్లవారేదాకా నిప్పులు నిలుపుతాయి. అయితే కొత్త కట్టె పూర్తిగా అంటుకుని మండేదాకా గాలి తగ్గించకూడదు. అక్టోబరు, ఏప్రిల్ నెలల్లో సాయంత్రం ఒక్క గంట చలి విరిగితే చాలు కాబట్టి, అప్పుడు నాలుగు పైన్ పేళ్లే సరిపోతాయి, ఓక్ వేస్తే కిటికీలు తెరుచుకోవలసి వస్తుంది. జనవరి చలిలో రోజంతా ఓక్ వేస్తూ పోతే స్టవ్ నిండా నిప్పులు పేరుకుని కొత్త కట్టెకు చోటే ఉండదు. అటువంటప్పుడు నిప్పులను తలుపు వైపు లాగి, వాటి మీద ఒకటి రెండు పైన్ పేళ్లు వేసి గాలి తెరిస్తే, ఆ నిప్పులు బూడిదయ్యేదాకా వేడి తగ్గకుండా ఉంటుంది. ఎండిన పైన్‌తో స్టవ్‌ను కుక్కి నింపడం మాత్రం ప్రమాదం. అది ఒక్కసారిగా భగ్గుమని ఇనుము ఎర్రబడేంత వేడెక్కుతుంది.

ఏ కట్టె కాల్చినా ఏడాదికొకసారి పొగగొట్టాన్ని పరీక్ష చేయించాలి, స్టవ్ ఉన్న అంతస్తులో పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పనిచేస్తూ ఉండాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, మందు పట్టించిన డెక్ చెక్క కాల్చకూడదు. బూడిద కింద దాగిన నిప్పు రోజుల తరబడి ఆరదు కాబట్టి, చల్లారినట్లు కనిపించినా దాన్ని కాగితం సంచిలోకో ప్లాస్టిక్ డబ్బాలోకో ఎత్తకుండా, మూత బిగుతుగా పట్టే లోహపు బకెట్‌లో వేసి, గరాజ్‌లో గాని చెక్క డెక్ మీద గాని కాకుండా ఇంటికి దూరంగా నేల మీద ఉంచాలి.