టొరెంట్ నడుస్తున్నా నెట్ మొరాయించకుండా

డౌన్‌లోడ్ మందగించిందంటే ముందు అప్‌లోడ్‌నే అనుమానించండి. ఆ లైన్ నిండిపోతే, డేటా అందిందని చెప్పే చిన్న ప్యాకెట్లు కూడా రౌటర్ క్యూలో ఇరుక్కుంటాయి. కబురు అందక అవతలి పీర్లు (అదే ఫైల్‌ను పంచుకుంటున్న ఇతర కంప్యూటర్లు) పంపడం తగ్గించేస్తాయి.

టొరెంట్ ఆపి స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చిన అప్‌లోడ్ వేగంలో 80 శాతానికి పరిమితి పెట్టండి. టెస్ట్ చూపేది మెగాబిట్లు, టొరెంట్ క్లయింట్ (టొరెంట్ నడిపే సాఫ్ట్‌వేర్) అడిగేది సాధారణంగా కిలోబైట్లు. 20 మెగాబిట్లంటే సెకనుకు 2,500 కిలోబైట్లు, కాబట్టి పరిమితి 2,000. పింగ్ (కబురు వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) ఇంకా ఎగబాకుతుంటే మరికాస్త దించండి. ఒక్కో టొరెంట్‌కు 4 అప్‌లోడ్ స్లాట్లతో, అంటే ఒకేసారి నలుగురికి పంపేలా, మొదలుపెట్టండి. మరీ ఎక్కువిస్తే ఒక్కొక్కరికీ చుక్కలే అందుతాయి, మీకు తిరిగిచ్చేవాళ్లూ తగ్గుతారు.

ఇక రిక్వెస్ట్ క్యూ, అంటే ఒక పీర్‌ని ముందుగానే అడిగి ఉంచే ముక్కల వరుస. చాలా క్లయింట్లు దీన్ని వాటంతటవే సర్దుకుంటాయి; సొంతంగా కోడ్ రాసేవాళ్లు మాత్రం లెక్క వేసుకోవాల్సిందే. బిట్‌టొరెంట్‌లో ఒక్కో రిక్వెస్ట్ మామూలుగా 16 కిలోబైట్ల బ్లాక్‌కి (ఫైల్‌లోని చిన్న ముక్కకి). ఒకటి వచ్చాకే ఇంకొకటి అడిగితే రానూపోనూ సమయమంతా లైన్ ఖాళీ. పీర్ వేగం సెకనుకు 1,000 కిలోబైట్లు, రానూపోనూ 200 మిల్లీసెకన్లు అయితే దారిలో ఎప్పుడూ 200 కిలోబైట్లు ఉండాలి, అంటే 13 రిక్వెస్టులు. వేగం ఊగుతుంది కాబట్టి 20 పెట్టండి. నెమ్మది పీర్ దగ్గర వందలు పేరిస్తే ఆ బ్లాకులు అక్కడే చిక్కుకుని, వాటితో కూడాల్సిన పెద్ద ముక్క (పీస్) పూర్తికాదు.