ఊళ్లో మానసిక వైద్య సేవలు నిజంగా మారాయా? తేల్చుకోవడం ఎలా?

శిబిరం పెట్టారు, పోస్టర్లు అంటించారు, ఫోటో పేపర్లో పడింది. ఇంతమాత్రాన సేవలు మారాయని రాసేయడం మన దగ్గర పాత అలవాటు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పంచాయతీ సభ్యులో, రోగుల కుటుంబాలో, ఏ సేవా సంఘమో నిజం తేల్చుకోవాలనుకుంటే ఒక ప్రశ్నను పట్టుకోవాలి: నిరుడు మందులు మొదలుపెట్టిన మనిషికి ఈ నెల కూడా అవి సొంత ఊరి దగ్గరే దొరుకుతున్నాయా?

ముందు హద్దు గీసుకోండి. జిల్లా మొత్తాన్ని నెత్తికెత్తుకోవద్దు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి వచ్చి అందులో చేరాయి. మదనపల్లె వైపు మండలాలు అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి. 2021 నాటి చిత్తూరు లెక్కను ఇప్పటి లెక్క పక్కన పెడితే తగ్గినది రోగులో మండలాలో తెలియదు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని (పీహెచ్‌సీ), దాని కిందున్న గ్రామాలను తీసుకుంటే చాలు.

తరువాత రిజిస్టరు. వైద్యాధికారిని నెలవారీ అంకెలు మాత్రమే అడగండి: మానసిక జబ్బుతో కొత్తగా వచ్చినవారు ఎందరు, తిరిగి వచ్చినవారు ఎందరు. పేర్లు అడగవద్దు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. అంకెలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. కొత్త రోగుల సంఖ్య చూసి మురిసిపోకండి. అసలు కథ తిరిగి వచ్చినవారి దగ్గరే ఉంటుంది. జూన్, జులైలలో రాక తగ్గితే వెంటనే తప్పుపట్టకండి, అది తోతాపురి మామిడి కోతల కాలం. కూలి వదులుకుని ఆసుపత్రికి ఎవరు వస్తారు? ఆ నెలలను నిరుటి అవే నెలలతో పోల్చండి.

మందుల కిటికీ దగ్గర కాసేపు నిలబడండి. మానసిక జబ్బులకు వాడే రిస్పెరిడోన్, ఓలాంజపైన్, ఫ్లూవోక్సెటిన్ గత మూడు నెలల్లో ఎన్ని రోజులు స్టాకు లేవో ఫార్మసిస్టును అడిగి రాసుకోండి. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, భ్రమల వంటి లక్షణాలుండే తీవ్ర మానసిక జబ్బు) ఉన్న మనిషికి మాత్రలు ఆగితే జబ్బు తిరగబెట్టవచ్చు. మనోస్థితిని నిలకడగా ఉంచే లిథియం మందు వాడేవారికి రక్తంలో దాని స్థాయిని పరీక్షిస్తూ ఉండాలి. ఆ పరీక్ష ఎక్కడ చేస్తున్నారో కూడా అడగండి. చాలా విషయాలు ఆ ఒక్క జవాబుతోనే బయటపడతాయి.

ఇళ్లకు వెళ్లేటప్పుడు ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లండి. ముందు కుటుంబం ఒప్పుకోవాలి. అడగాల్సింది ఖర్చు: బస్సు ఛార్జీ ఎంత, తోడు వెళ్లినవారి కూలి ఎంత పోయింది? చిత్తూరు నుంచి వేలూరుకు, కుప్పం నుంచి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వైద్యానికి వెళ్లడం ఈ ప్రాంతంలో మామూలే. ఇక్కడి రిజిస్టరులో పేర్లు లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. ఆ ప్రయాణాలు తగ్గి, అదే వైద్యం దగ్గర్లో అందుతుంటే దాన్ని మార్పుగా రాసుకోవచ్చు. గాలి సోకిందని మొదట ఎవరి దగ్గరికి తీసుకెళ్లారో, ఆసుపత్రికి రావడానికి ఎన్నాళ్లు పట్టిందో ఎగతాళి లేకుండా అడగండి.

కోలుకోవడాన్ని పనుల్లో చూడండి. ఆమె మళ్లీ పాలు పిండుతోందా? అతడు రేషను దుకాణానికి ఒంటరిగా వెళ్లి వస్తున్నాడా? కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9ను శిక్షణ ఉన్న సిబ్బందికే వదలండి. దాని చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. అవునన్న జవాబు వస్తే కాగితం పక్కన పెట్టి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వైద్యుడికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది.

తిరుపతి పట్టణంలో అయితే మరో ప్రశ్న తప్పదు. యాత్రికుల ఊరు కాబట్టి బస్టాండు, రైల్వే స్టేషను పరిసరాల్లో మతిస్థిమితం తప్పి తిరిగేవారు ఏ పీహెచ్‌సీ లెక్కలోకీ రారు. అలాంటివారిని పోలీసులు సంరక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలని, లాకప్‌లో పెట్టకూడదని ఆ 2017 చట్టమే చెబుతోంది. ఏడాదిలో ఎందరిని తిరుపతిలోని ప్రభుత్వ రుయా ఆసుపత్రికి చేర్చారో, తరువాత వారు ఎక్కడికి వెళ్లారో పోలీసు స్టేషనులో అడగండి. రెండో సగానికి జవాబు రాకపోతే ఆ మాటే నివేదికలో రాయండి.

నివేదికను గ్రామసభకన్నా ముందు వైద్యాధికారికి చూపించండి. సిబ్బంది ఖాళీలో, మందుల ఇండెంటు ఆలస్యమో మీ లెక్కకు అందని కారణాలు ఆయన చెప్పవచ్చు. వాటినీ చేర్చి, వచ్చే ఏడాది ఇవే నెలల్లో ఇవే ప్రశ్నలు మళ్లీ అడగండి.